పరుల సంతలో మన అంగడి

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఒక తెలుగు అక్షరమును గూర్చిన వార్త దేశదేశముల పత్రికలలో వెలువడినది. ఆ అక్షరము 'జ్ఞా'. జ్ఞానము అను మాటకు మొదటి అక్షరమది. జకారము, ఞకారము, వాని నడుమ విరామము, కంటికి కనబడని గుర్తొకటి, పిదప దీర్ఘము, ఇవి ఒక వరుసలో కూడి ఐఫోనులోనికి వచ్చినప్పుడు, వానిని తెరపై చూపనేరక అందులోని యాపు తటాలున మూతపడుచుండెను. ఎవరైన దానిని సందేశముగా పంపినచో, అందుకొన్నవారి సందేశముల యాపు తిరిగి తెరచుకొనక మొరాయించుచుండెను. ఆ నెల 19వ తేదీన ఆపిల్ కంపెనీ 11.2.6 అను సవరణను విడుదల చేసి ఆ లోపమును సరిదిద్దినది.

ఆ వార్త చదివి పలువురు నవ్వుకొనిరి. తెలుగక్షరము అంత పెద్ద కంపెనీ యంత్రమును కూలద్రోసినదని మనవారు కొందరు గర్వపడిరి కూడ. మాకు మాత్రము అందు గర్వించుటకేమియు కనబడలేదు. ఇట్టి యవస్థయే బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులకును కలదని పిమ్మట తేలినది. 2011 జనాభా లెక్కల ప్రకారము 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాషగా చెప్పుకొనిన భాష మనది. వారిలో తమిళనాట 42 లక్షల పైచిలుకు, కర్ణాటకమున 35 లక్షల పైచిలుకు ఉన్నారు. ఇందరి లిపిలోని కూర్పు ఒకటి తగిన పరీక్షకు నోచుకొనకయే సరకు బజారునకు వచ్చినది. మనము గమనింపవలసినది ఇది.

మేము వర్తకులము. అమ్ముడుపోవు సరకునే ఎవరైనను ముందు అలమరలో పెట్టుదురని ఎరిగినవారము. కాబట్టి పెద్ద కంపెనీలను ఇందుకై తిట్టము. కోటిమంది కోరు వస్తువును వారు ముందు చేయుదురు. హోసూరులోని తెలుగు పిల్లవానికి అక్షరములు దిద్దించు యాపునో, బరంపురములోని తెలుగు ఇల్లాలికి ఒడియా, తెలుగు మాటలు రెండును చూపు నిఘంటువునో, సోలాపురములోని నేతపని కుటుంబము తన లెక్కలు తెలుగులో వ్రాసికొను పుస్తకమునో వారు చేయబోరు. అది చేయువాడు ఎక్కడనో ఒక గదిలో ఒంటరిగా కూర్చుండి పనిచేయు చిన్న పనివాడు. ఆ చిన్న పనివాడు బ్రదుకగలిగినంత కాలమే మనవంటి చెదరిన జనుల భాష ఫోనులో బ్రదుకును. కనుక అతని కష్టసుఖములు మన కష్టసుఖములే. ఈ వారము మేము విన్నవింపదలచిన సంగతి ఇదియే.

కంప్యూటరులో తెలుగు నిలద్రొక్కుకొనిన చరిత్ర చూచినను ఇదే తేటపడును. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరకినది. కాని చోటు దొరకుట వేరు, సామాన్యుడు వ్రాయగలుగుట వేరు. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు 'పోతన' అను పేర కంప్యూటరు అచ్చక్షరములను రూపొందించి ఉచితముగా లోకమునకిచ్చిరి. ఆంగ్లపు మీటలతోనే తెలుగు వ్రాయుటకు వీలు కల్పించిన 'లేఖిని' పెద్ద కంపెనీ కార్ఖానాలో పుట్టినది కాదు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాను జీతబత్తెములు లేని సేవకులే నేటివరకు పెంచుకొని వచ్చిరి. తరువాత పెద్ద కంపెనీలును తెలుగునకు చోటిచ్చినవి, సంతోషమే. కాని బాట తీసినవారు చిన్నవారు.

ఇట్టి స్వతంత్ర పనివాని జీవితమెట్టిదో మన పాఠకులలో పలువురికి తెలియదు. కొలిమి యతనిదే, సుత్తి యతనిదే, బేరమతనిదే, ఖాతా వ్రాయుట యతనిదే. నెల జీతము లేదు, పండుగ సెలవు లేదు. ఫోను కంపెనీలు ఏటేట కొత్త కూర్పును తెచ్చుచుండును. దానికనుగుణముగా తన యాపును సవరింపకున్నచో నిన్నటిదాక పనిచేసినది నేడు పనిచేయదు. ఒకసారి అమ్మిన సరకును ఏండ్ల తరబడి ఉచితముగా మరమ్మతు చేయుచుండవలసిన వ్యాపారము మా యెరుకలో వేరొకటి లేదు. అర్ధరాత్రి ఎవరికో యాపు తెరచుకొనకున్న, తెల్లవారుసరికి నలుగురు చూచుచోట అతనిపై నింద వ్రాసియుందురు. వారిలో సగముమంది ఒక్క పైసయు ఇచ్చినవారు కారు.

ఇక అతడు తన సరకును అమ్ముకొను చోటు సంగతి చూతము. ఆపిల్ వారు 2008 జూలై 10న తమ యాపుల అంగడిని తెరచిరి. అదే సంవత్సరము అక్టోబరులో గూగుల్ వారి అంగడియు తెరువబడినది. నేడు దానిని ప్లే స్టోరు అనుచున్నాము. మొదటిదానిలో సరకు పెట్టుటకు ఏటికి 99 డాలర్లు, రెండవదానిలో ఒకసారికి 25 డాలర్లు చెల్లింపవలెను. ఇది ప్రవేశ రుసుము మాత్రమే. అమ్మకముపై నూటికి 30 వంతున అంగడివారు తీసికొనుట ఆనవాయితీ అయ్యెను. విమర్శలు పెరిగిన పిమ్మట, 2021లో ఈ రెండు కంపెనీలును చిన్న వ్యాపారులకు నూటికి 15కు తగ్గించినవి.

మా వర్తక భాషలో దీనికి పేరు ఆశీలు. సంతలో తట్ట దించినవాడు ఆశీలు చెల్లించుట తరతరములుగా ఉన్నదే. కాని ఏ సంతలోను ఆశీలువాడు నూరు రూపాయల వంకాయలపై ముప్పది రూపాయలు అడిగినట్లు మేము వినలేదు. మన దేశముననే మరియొక లెక్కయు కలదు. బ్యాంకు ఖాతానుండి యూపీఐ ద్వారా వర్తకునికి సొమ్ము చేరినప్పుడు వర్తకునిపై రుసుము వేయరాదని 2020 జనవరినుండి ప్రభుత్వము నిర్ణయించినది. మా దుకాణమున పది రూపాయల ఉప్పు ప్యాకెట్టు కొన్నవారు యూపీఐ ద్వారా ఇచ్చిన పది రూపాయలును మాకు చేరుచున్నవి. అదే వీధిలోని యువకుడు తన యాపు ద్వారా నూరు రూపాయలకు తెలుగు పాఠమమ్మినచో, అతనికి ఎనుబదియైదో డెబ్బదియో చేరును. సొమ్ము అదే, దేశమదే, కొనువాడును అతడే. దారి మాత్రము మారినది.

అంగడివారి పక్షమున చెప్పదగినదియు లేకపోలేదు. ఆశీలు తీసికొనువాడు సంతను ఊడ్పింపవలెను, దీపము పెట్టవలెను, జేబుదొంగలను తరుమవలెను. ఆ పని వారు కొంతవరకు చేయుచున్నారు. అప్పులిత్తుమని చెప్పి, ఫోనులోని చిరునామాలన్నియు దోచి, బంధువులకు నీచమైన సందేశములు పంపి, పేదలను ఆత్మహత్యలవరకు నెట్టిన యాపుల కథలు మన పాఠకులెరుగుదురు. 2022 సెప్టెంబరునుండి ఏడాదికాలములో అట్టి అప్పుల యాపులను రెండు వేలకు పైగా గూగుల్ తొలగించినట్లు ప్రభుత్వమే పార్లమెంటునకు తెలిపినది. ఇది మేలైన పని. కావున ఆశీలు వలదని మేమనము. ఎంత యనుటలోను, వేరు సంతకు దారి ఉన్నదా యనుటలోను, తట్ట తీసివేయునప్పుడు కారణము చెప్పుదురా యనుటలోను మాత్రమే మా వాదము. వీనిలో చివరిది అన్నిటికన్న ముఖ్యము.

పరుల నేలపై ఇల్లు కట్టినవాని గతి యేమగునో 2023లో లోకము రెండు మారులు చూచినది. ట్విట్టరును చదువుటకు ట్విట్టరిఫిక్ అను యాపు 2007నుండి ఉండెను. 'ట్వీట్' అను మాటను, పిట్ట గుర్తును మొదట వాడుకలోనికి తెచ్చినది ఆ చిన్న యాపే. ట్విట్టరు కంపెనీ చేతులు మారిన పిమ్మట, 2023 జనవరిలో ఒకనాడు ఇట్టి బయటి యాపులన్నిటికిని ముందు మాట లేకయే తలుపు మూయబడినది. ఆ సంవత్సరమే రెడిట్ అను చర్చావేదిక బయటి యాపులపై కొత్త ధర విధించినది. అపోలో అను యాపును నడుపుచుండిన కెనడా పనివాడు క్రిస్టియన్ సెలిగ్, ఆ లెక్కన తనకు ఏటికి సుమారు 2 కోట్ల డాలర్ల ఖర్చగునని బహిరంగముగా తెలిపి, జూన్ 30న యాపును మూసివేసెను. పంట బాగుగా పండించిన కౌలుదారునే ముందు లేవగొట్టుట మన పల్లెలలో చూచినదే. ఇదియు అట్టిదే.

దూరదేశపు కథలని త్రోసివేయ వీలులేదు. 2024 మార్చి 1న, రుసుముల తగవులో, గూగుల్ మన దేశపు కంపెనీలు కొన్నిటి యాపులను తన అంగడినుండి తొలగించినది. వానిలో భారత్ మ్యాట్రిమొనీ, షాదీ, నౌక్రీ వంటి పేరుగలవి ఉండెను. పెండ్లి సంబంధములు వెదకువారును, ఉద్యోగములు వెదకువారును ఆశ్చర్యపడిరి. కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు ఇది ఒప్పదని చెప్పి కంపెనీవారిని పిలిపించిరి. కొలది దినములలో ఆ యాపులు తిరిగి వచ్చినవి. సంతోషము. కాని అందుండి మేము గ్రహించిన పాఠము వేరు. పెద్ద వర్తకుని తట్ట తీసినప్పుడు మంత్రి పలికెను. చిన్నవాని తట్ట తీసినప్పుడు ఎవరు పలుకుదురు?

మా యూరిలోనే ఇట్టి యువకుడొకడు కలడు. డిప్లొమా చదివి, పగలు ఒక కార్ఖానాలో ఉద్యోగము చేయుచు, రాత్రులు కూర్చుండి పిల్లలకు తెలుగు గుణింతములు నేర్పు యాపును సిద్ధము చేసెను. మన సంఘపు బిడ్డలు మూడువందలమందికి పైగా దానిని వాడుచుండిరి. ఒకనాడు అతని ఖాతా మూయబడినదని, నిబంధనలు ఉల్లంఘింపబడినవని ఒక జాబు వచ్చెను. ఏ నిబంధనయో అందులో లేదు. జవాబు వ్రాసిన, యంత్రము వ్రాసినట్టి అదే జాబు తిరిగి వచ్చెను. మాట్లాడుటకు మనిషి లేడు, పోయి నిలుచుండుటకు కచేరీ లేదు. తాలూకా కచేరీలో ఎంత తిప్పుకొన్నను, కడకు ఒక గుమాస్తా ముఖమైన చూచెదము. ఇచట అదియు లేదు. అతని ఉద్యోగము నిలిచియున్నది కనుక అన్నమునకు లోటు రాలేదు. పిల్లల పాఠము మాత్రము ఆగిపోయినది.

ఈ యవస్థకు రాజకీయముతో సంబంధము లేదనుకొనువారు పొరబడుచున్నారు. ద్వారమొక్కటియే యున్నచో, ద్వారపాలకుని బెదిరించిన చాలును, వేల ఇండ్లకు పోయి బెదిరింప నక్కరలేదు. 2019 అక్టోబరులో హాంకాంగు ఆందోళనల నాడు పోలీసుల జాడ చూపు పటమును ఆపిల్ తన అంగడినుండి తీసివేసినది. 2021 సెప్టెంబరులో రష్యా ఎన్నికల మొదటి దినముననే ప్రతిపక్ష నాయకుడు నవాల్నీ అనుచరుల ఓటింగు యాపును ఆపిల్, గూగుల్ రెండును తొలగించినవి. మన దేశమున 2020 జూన్ 29న 59 చైనా యాపులను ప్రభుత్వము నిషేధించినది. ఆ నిషేధము దేశరక్షణకై జరిగినదని ప్రభుత్వము చెప్పినది, దాని మంచిచెడ్డలు ఇచట మేము విచారింపము. ఒక్క మాట మాత్రము చెప్పెదము: నేడు న్యాయమైన కారణమునకు పనికివచ్చిన తాళము రేపు అన్యాయమైన కారణమునకును పనికివచ్చును. తాళము చేతులు గుర్తింపదు. అల్పసంఖ్యాకులమైన మనము ఈ సంగతి అందరికన్న ముందుగా గ్రహింపవలెను.

ఇతర దేశములు ఊరకుండలేదు. ఐరోపా సమాజము 2019లో చేసి 2020 జూలై 12నుండి అమలు జరిపిన నిబంధన ఒకటి కలదు. దాని ప్రకారము ఇట్టి అంగడివారు ఒక వ్యాపారిని పూర్తిగా వెళ్ళగొట్టదలచినచో, సామాన్యముగా 30 దినములు ముందు కారణములతో నోటీసు ఇయ్యవలెను, అతని ఫిర్యాదు వినుటకు ఏర్పాటుండవలెను. 2024 మార్చి 7నుండి అక్కడ మరియొక చట్టము పెద్ద కంపెనీలకు వర్తించినది. అంతకుముందు తన అంగడి తప్ప వేరు ద్వారమెరుగని ఐఫోనులో, ఐరోపామట్టునకు, ఇతరుల అంగళ్ళకును చోటు కలిగినది. అమెరికాలో ఎపిక్ అను ఆటల కంపెనీ 2020 ఆగస్టులో వేసిన దావాపై 2021లో తీర్పు వచ్చెను. ఆ తీర్పును ఆపిల్ సరిగా పాటింపలేదని న్యాయమూర్తి 2025 ఏప్రిల్ 30న కఠినముగా తప్పుపట్టిరి.

మన దేశమునను పోటీ సంఘము 2022 అక్టోబరులో గూగుల్‌పై రెండు జరిమానాలు విధించినది. ఒకటి 1337 కోట్ల 76 లక్షలు, రెండవది 936 కోట్ల 44 లక్షలు. ఈ రెండవది యాపుల అంగడిలోని చెల్లింపు పద్ధతికి సంబంధించినది. దానిని 2025 మార్చిలో అప్పీలు న్యాయస్థానము 216 కోట్ల 69 లక్షలకు తగ్గించెను. 2024 మార్చిలో డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా కమిటీ నివేదికతో పాటు వెలువడినది. జరిమానా సర్కారు ఖజానాకు చేరును. హోసూరు యువకునికి చేరదు. అతనికి కావలసినది మూడు మాటల చట్టము. తొలగించుటకు ముందు నోటీసు. నోటీసులో స్పష్టమైన కారణము. కారణముపై విచారించుటకు ఒక మనిషి, అది కూడ అతని భాష తెలిసిన మనిషి. మా దుకాణపు లైసెన్సు రద్దు చేయదలచిన మునిసిపాలిటీ అయినను ఇంతమాత్రము చేయక తప్పదు. ఈ కోరికను మన పార్లమెంటు సభ్యులకు విన్నపముగా పంపవలెనని మా సూచన.

ఇందులో మన భాషకు సంబంధించిన తొందర యొకటి కలదు. మన రాజ్యాంగపు 350ఎ అధికరణము, 1956లో చేర్చబడినది, అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పుటకు తగిన సౌకర్యములు కల్పింపుమని రాష్ట్రములను కోరుచున్నది. మన పెద్దలు ఆ అధికరణమును చేతబట్టుకొనియే బడులను కాపాడుకొనిరి. తమిళనాట 2006 చట్టము పిమ్మట తమిళము 1వ తరగతినుండి క్రమముగా బడులన్నిట తప్పనిసరి అయినది. ఉన్న రాష్ట్రపు భాషను మన బిడ్డలు చక్కగా నేర్వవలెను, అందు మాకు భేదాభిప్రాయము లేదు. కాని తెలుగు నేర్చు చోటు బడినుండి ఇంటికి జరిగినది. ఇంటిలో బిడ్డ చేతనున్నది ఫోను. 350ఎ అధికరణము బడి గుమ్మమువరకే పోవును, ఫోనులోనికి పోదు. అచట మన బిడ్డకు తెలుగు చెప్పువాడు ఆ చిన్న పనివాడొక్కడే.

ప్రభుత్వమును అడుగుట సరియే, మనము చేయవలసిన దేమి? మొదటిది, సొమ్ము. మన పెండ్లిండ్లలో ఒక్కొక్క శుభలేఖకు నూరేసి రూపాయలు వెచ్చించుచున్నాము, అది చదివి మడిచి పారవేయుదురు. ఏడాది పొడుగున బిడ్డకు అక్షరము నేర్పు యాపునకు అదే నూరు రూపాయలు అడిగిన, ఉచితముగా లేదా యని ప్రశ్నించుచున్నాము. ఉచితముగా దొరకునది ప్రకటనలవారి సొమ్ముతో నడుచును. ప్రకటనలవాడు తెలుగు బిడ్డలను లెక్కపెట్టి, తక్కువగా ఉన్నారని వెళ్ళిపోవును. వెల ఇచ్చి కొన్నవాడే నిలుపగలడు. వర్తకులమైన మనకు ఈ మాట మరియొకరు చెప్పవలసినది కాదు.

రెండవది, ఒక్క సంతనే నమ్ముకొనకుండుట. యాపు చేయు యువకులు తమ పాఠములను సొంత వెబ్‌సైటులో కూడ ఉంచవలెను. అక్కడ ఆశీలువాడు లేడు. ఆండ్రాయిడు ఫోనులకు 2010నుండి ఎఫ్-డ్రాయిడ్ అను స్వేచ్ఛా సాఫ్టువేరు భాండారమును స్వచ్ఛందులు నడుపుచున్నారు. ఈ పెరటి ద్వారము కూడ ఎంతకాలము బారుగా తెరచియుండునో చూడవలెను. తన అంగడి వెలుపలి యాపులను చేయువారును తనవద్ద పేరు నమోదు చేసికొనవలెనని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించినది. విమర్శ రాగా, అనుభవజ్ఞులైన వాడుకరులకు కొంత సడలింపు ఇత్తుమని నవంబరులో తెలిపినది. మన సంఘములును ఇందుండి బుద్ధి తెచ్చుకొనవలెను. సభ్యుల పట్టిక, చందాల లెక్క, పాత సంచికల ప్రతులు ఒక పరాయి కంపెనీ యాపులో మాత్రమే ఉంచుట తగదు. ఒక ప్రతి మన బీరువాలో, ఒక ప్రతి మన కంప్యూటరులో ఉండితీరవలెను.

మూడవది, నోరు విప్పుట. ఫోనులో తెలుగు తప్పుగా కనబడినప్పుడు, ఒత్తు విడిపోయినప్పుడు, మనము విసుగుకొని ఆంగ్లమునకు మారుచున్నాము. ఆ విసుగు ఏ కంపెనీకిని వినబడదు. ఏ ఫోనులో, ఏ యాపులో, ఏ అక్షరము చెడినదో వ్రాసి పంపినచో చిన్న పనివాడు మరునాడే సవరించును, పెద్ద కంపెనీవారు ఆలస్యముగానైన సవరించుదురు. 'జ్ఞా' విషయమున పత్రికలలో రచ్చ అయిన కొలది దినములలోనే సవరణ వచ్చుట మనము చూచితిమి. రచ్చ లేని అక్షరములు ఇంకెన్ని కలవో వాడువారే చెప్పవలెను.

కావున బళ్ళారి, హోసూరు, బరంపురము, సోలాపురము, యానాము మొదలగు తావుల సోదర సోదరీమణులకు మా మనవి. మీ యూళ్ళలో తెలుగు బిడ్డలకై, తెలుగు వ్యాపారులకై యాపులు చేయు యువతీ యువకులెవరైన ఉన్నచో వారి అనుమతితో వారి వివరములు సంఘ కార్యదర్శికి తెలుపుడు. వచ్చు సర్వసభ్య సమావేశమున ప్రతి కుటుంబమును ఏటికి నూరు రూపాయల వంతున ఇట్టి పనివారికై చందా వేయవలెనను తీర్మానమును మేము ప్రతిపాదింపనున్నాము. వ్యతిరేకించువారు తమ కారణములను ఈ పత్రికకే వ్రాయుడు, తప్పక ప్రకటింతుము. సమ్మతించువారు చేతులెత్తుటతో సరిపుచ్చక, ఆ నూరు రూపాయలును వెంట తెత్తురు గాక.